వాగులో దొరికిన సానరాయి

మధిరలో నన్ను ఎరిగినవాళ్లందరికీ ఈ కథ సగం తెలుసు. సానరాయి కోసం భద్రాచలం అడవిలో పడి, వాగులన్నీ గాలించి, ఖమ్మం జిల్లాలోనే జోడులేని రాయిని సంపాయించుకొచ్చి, పోతున్న పరువును మెడ పట్టుకొని వెనక్కి తెచ్చిన మొనగాణ్ణి నేను. ఈ సగం అందరికీ ఎట్ల తెలుసంటే, నేనే చెప్పిన. అడిగినవాళ్లకు ఒకసారి, అడగనివాళ్లకు నాలుగుసార్లు. రెండో సగం మాత్రం మా ఇంటిదానికి కూడా చెప్పలే. ఆ సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనూ మా బావా ఇద్దరమే మిగిలినం. బావకు మాట పోలేదు గాని చెవులు పోయినయ్. నేనేం చెప్తున్ననో ఆయనకు వినపడదు, కాబట్టి కాదనడు. ఆ ధైర్యంతోనే చెప్తున్న.

నాది క్షవరం పని. తాత చేసిండు, నాయన చేసిండు, నేను స్టేషన్ రోడ్డులో రెండు పెద్ద అద్దాలు పెట్టి సెలూన్ అని బోర్డు రాయించిన. నా చెయ్యి గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు. అయినా నేను చెప్పకపోతే ఎవరు చెప్తరు? నడుస్తున్న ప్యాసింజర్ రైల్లో నిలబడి ఒక పెండ్లికొడుకుకు గడ్డం గీసిన చెయ్యి ఇది. బోనకల్లులో సబ్బు పెట్టిన, మధిర వచ్చేసరికి పటిక రాసి తువ్వాలు దులిపిన. మధ్యలో ఇంజను రెండుసార్లు కుదిపింది. పెండ్లికొడుకు ఉలిక్కిపడ్డడు గాని కత్తి ఉలిక్కిపడలేదు.

ఆ కత్తి మా నాయనది. మడిచి జేబులో వేసుకునే పాత కత్తి. దానికి జోడు నాయన వాడిన సానరాయి. జానెడు పొడుగు, నేరేడుపండు రంగు. ఎక్కడిదో నాయనకే తెలియదు. ఆ రాయి మీద నాలుగు నీళ్ల చుక్కలు వేసి కత్తిని అటు పదిసార్లు ఇటు పదిసార్లు తిప్పి, తోలు పట్టా మీద సవరిస్తే, గాలిని గీసినా రెండు ముక్కలయ్యేది.

రాయి పగిలింది. పగలగొట్టింది నేనే. కథ చెప్తుంటే నా చేతులు నా మాట వినవు. ఒకనాడు పొద్దున రాయి చేతిలో పెట్టుకొని, చిన్నప్పుడు నన్ను చూసి పాము పడగ ఎత్తిన తీరు చూపిస్తున్న. పడగ బాగనే లేచింది. రాయి గచ్చు మీద పడి మూడు ముక్కలైంది.

బజారు నుంచి కొత్త సానరాయి తెచ్చిన. కొడవళ్లకు మంచిదే. మనిషి చెంప వరి మడి కాదు కదా. ఆ రాయి మీద నూరిన కత్తి గీయదు, పీకుతది. మామూలు గడ్డాలవాళ్లు ఓర్చుకున్నరు. ఓర్చుకోలేని గడ్డం ఒకటుండె, రాఘవయ్య మాస్టారిది.

హైస్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి ఆయన. గడ్డం కాదది, ఇనుప తీగ. పద్దెనిమిదేండ్లుగా రోజు మార్చి రోజు నా కుర్చీలోనే గీయించుకున్నడు. గీయించుకున్నంక పేపరు పైకి చదివేటోడు. ఆ చదువుడు వినడానికి వచ్చినోళ్లతో నా బెంచీ నిండేది. వచ్చినోళ్లు ఊరికే ఉండలేక వాళ్లూ గీయించుకునేటోళ్లు. అంటే నా సెలూన్ నడిచేది నా కత్తి మీద సగం, మాస్టారి గొంతు మీద సగం.

ఆ రోజు మాస్టారికి మూడు చోట్ల రక్తం వచ్చింది. తువ్వాలు అద్దుకొని లేచి పోయిండు. రెండో రోజు చూస్తే, ఎదురుగా కొత్తగా పెట్టిన సెలూన్లో, గిరగిర తిరిగే కుర్చీలో కూచొని ఉన్నడు. వాళ్లది బ్లేడు కత్తి. పిడిలో సగం బ్లేడు ఇరికించి, మనిషికొకటి మారుస్తరు. నూరుడు లేదు, రాయి లేదు, నేర్చుకునే పనే లేదు. వారం తిరిగేసరికి నా బెంచీ మొత్తం లేచి రోడ్డు దాటి వాళ్ల బెంచీ మీద కూచుంది.

నేను పోయి మాస్టారి ముందర నిలబడ్డ. ఆయన పేపరు దించి, "వెంకటేశ్వర్లూ, నీ చెయ్యి మీద నాకు నమ్మకం పోలేదు. నీ కత్తి మీద పోయింది" అన్నడు.

నాకు రోషం వచ్చింది. రోషం వస్తే నాకు నాటకం కూడా వస్తది. రోడ్డు మీద పది మంది చూస్తుండగా కత్తి ఎత్తి పట్టుకొని చెప్పిన.

"సారూ, పది రోజుల గడువియ్యండి. నాయన రాయిని మించిన రాయి తెస్త. తేలేదనుకో, ఈ కత్తిని మీ ముందరనే ఏట్లో పారేసి, నేను కూడా బ్లేడు పెట్టుకుంట."

సరే అన్నడు మాస్టారు. ఇంటికి వచ్చినంక గాని నేనేం అన్ననో నాకు తెలియలే. నాయన కత్తిని ఏట్లో పారేస్తనన్న.

రాయి ఎక్కడ దొరుకుతది? నాయన ఒకసారి అన్నడు, మంచి రాయి కొండల్లో పుట్టి వాగుల్లో పెరుగుతదని. మా అక్కను ఇచ్చింది పాల్వంచ దాటినంక, గోదావరికి ఇవతల, అడవి అంచు ఊరికి. అక్కడ వాగులకు కొదవ లేదు. ఇరవై ఏండ్లలో మొదటిసారి సెలూన్‌కు తాళం వేసి, సెలవు అని అట్టముక్క తగిలించి, కత్తి, తోలు పట్టా సంచిలో పెట్టుకొని బస్సెక్కిన.

అక్క ఇంట్లో ముగ్గురు. అక్క, బావ, బావ వాళ్ల అమ్మ. ఆమె మాకు అత్తమ్మ. డెబ్భై దాటినా మిరప చేలకు పోయొచ్చే మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. బావ మాత్రం కత్తి వదిలి నాగలి పట్టి చాలా ఏండ్లయింది. నేను వచ్చిన పని చెప్తే ఆయన పొట్ట పట్టుకొని నవ్విండు. జనం అడవికి తేనె కోసం వస్తరు, వెదురు కోసం వస్తరు, మా బామ్మర్ది రాళ్ల కోసం వచ్చిండు, మా చేన్లో కావాల్సినన్ని ఉన్నయ్, ఏరుకపోతే పుణ్యం అన్నడు.

నవ్వనీ అనుకున్న. తెల్లారి నుంచే మొదలుపెట్టిన.

సానరాయిని పట్టడం మామూలు విద్య కాదు. మూడు పరీక్షలుంటయ్. మొదటిది గోరు. రాయి మీద బొటనవేలి గోరు గీస్తే గరుకు తగలొద్దు, జారిపోవద్దు, కొంచెం పట్టినట్టు ఉండాలె. రెండోది నీళ్లు. చుక్క వేస్తే పైన నిలవాలె, రాయి తాగొద్దు. మూడోది అన్నిటికన్న గట్టిది, నాలుక. రాయిని నాకాలె. నాలుకను పట్టుకొని గుంజితే అందులో మట్టి ఉన్నట్టు, పనికిరాదు. మెత్తగ వదిలేస్తే అది కత్తికి పుట్టిన రాయి. ఈ మూడో పరీక్ష చేసే గుండె ఈ రోజుల్లో ఎవరికి ఉంది?

ఏడు రోజులు తిరిగిన. వాగు వెంబడి పైకి పోతే ఎంత దూరమో లెక్క లేదు, ఇరవై మైళ్లనుకోండి. బావ నాలుగంటడు. ఒక మలుపులో ఎలుగుబంటి ఎదురైతే దాని కండ్లలోకి సూటిగ చూసిన. అది తల దించుకొని పక్కకు తప్పుకుంది. పక్క ఊరోళ్ల బర్రె తప్పిపోయి ఆ మలుపులోనే దొరికిందని బావ తర్వాత అన్నడు. బర్రెకూ ఎలుగుబంటికీ తేడా తెలియనోణ్ణా నేను? కాకపోతే అప్పుడు సాయంత్రం పూట.

రోజూ సాయంత్రం సంచి నిండా రాళ్లు మోసుకొచ్చి అక్క వాకిట్లో పోసేది. ఎర్రవి, పచ్చవి, చారలవి. రోజూ కత్తి పెట్టి చూసేది. ఒకటి గీరేది, ఒకటి జారేది, ఒకటి నీళ్లు తాగేది. ఎన్ని రాళ్లు నాకిననో, ఏడో రోజుకు అక్క చేసిన చేపల పులుసు కూడా నాకు రాయి రుచే తగిలింది. వాకిట్లో గుట్ట పెరిగింది. అత్తమ్మ ఒకసారి గుట్టను, ఒకసారి నన్ను చూసి లోపలికి పోయేది. మధ్యలో ఒకనాడు బావ భద్రాచలం తీసుకపోయి దర్శనం చేయించిండు. రాములవారి ముందర నేను కోరుకున్నది కూడా రాయే. నాయన కత్తి ఏటి పాలు చేయకు తండ్రీ అని.

గడువులో ఎనిమిదో రోజు. పొద్దుమూకేదాకా తిరిగి, ఉత్త చేతులతో, వాగులో ఊరోళ్లు స్నానాలు చేసే రేవు దగ్గరికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న. ఎల్లుండి నా గడువు. నీళ్ల ఒడ్డున పెద్ద బండ, బండ కింద సందు. సందులో ఏదో నున్నగ మెరిసింది. చెయ్యి పెట్టి తీసిన.

ఏం చెప్పాలె. జానెడు రాయి. మబ్బు రంగు. ఒక మొహం అద్దం లెక్క సాపుగ, నున్నగ. నాయన రాయి దీని ముందర ఇటుక పెళ్ల. గోరు పెట్టిన, పట్టింది. నీళ్లు వేసిన, నిలబడ్డయ్. నాకిన. మెత్తగ వదిలేసింది. నమ్మకం కుదరక మళ్ల నాకిన. ఆనందం పట్టలేక మూడోసారి కూడా నాకిన. దాని అంచున పసుపు రంగు జీర ఒకటి ఉండె. బంగారు చార ఉన్న సానరాయి లక్షకొకటి పుడతదని ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడ విన్ననని ఇప్పుడు అడగొద్దు.

ప్రకృతి నా కోసమే దాన్ని సందులో దాచిపెట్టిందనుకున్న. తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చిన. ఆ రాత్రే దీపం ముందర పెట్టుకొని నూరిన. తెల్లారి ఒక తల వెంట్రుక పీకి కత్తి మీద వదిలిన. వెంట్రుక రెండై కింద పడ్డది. బావా, కూచో అన్న. బావ నవ్వుకుంటనే వాకిట్లో పీట మీద కూచున్నడు. సబ్బు పెట్టి కత్తి ఆడించిన. ఒక పక్క అయిపోయిందాకా బావకు మొదలుపెట్టిన సంగతే తెలియలే. చెంప తడుముకొని చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. "బామ్మర్దీ, నువ్వు గెలిచినవ్ రా" అన్నడు. నేను కత్తి ఆకాశానికి ఎత్తి, రాఘవయ్య మాస్టారి గడ్డానికి సవాలు విసిరి, రెండో చెంపకు సబ్బు పెడుతున్న.

అప్పుడు అత్తమ్మ వాగు నుంచి వచ్చింది. తడి చీర, చేతిలో చెంబు, మొహం గంటు పెట్టుకొని ఉంది. రాత్రికి రాత్రే తన రాయిని ఎవడో దొంగ ఎత్తుకపోయిండట. ముప్పై ఏండ్ల రాయట. ఎప్పుడో వాగులో దొరికితే అప్పటినుంచి బండ సందులో దాచుకుంటున్నదట. ఊర్లో ఏ ఆడమనిషీ దాన్ని ముట్టదట. ఎత్తుకపోయినోని కాళ్లు పగల, చేతులు పగల అని తిడుతున్నది.

నాకు నిజంగనే జాలేసింది. ఆ దొంగ దొరికితే నాకు అప్పజెప్పు అత్తమ్మా, చెవులు కోస్త, కత్తి కూడా నూరి పెట్టుకున్న అని చెప్పిన.

ఆమె నా కత్తి చూసింది. కత్తి పక్కన అరుగు మీద ఉన్న రాయిని చూసింది. చెంబు కింద పెట్టి, రాయి తీసుకొని, గోడ పట్టుకొని నిలబడి, కుడి కాలు ఎత్తి, మడమకు బర్ర బర్ర నాలుగుసార్లు రుద్దింది.

"ఇదే" అన్నది.

కాళ్లు రుద్దుకునే రాయి. ముప్పై ఏండ్లు పసుపు రాసుకొని మడమలు రుద్దుకున్న రాయి. నా బంగారు చార ఏందో అప్పుడు తెలిసింది. నాలుక నోట్లో ఎక్కడ పెట్టుకోవాల్నో మాత్రం తెలియలే.

బావ పీట మీద అట్లనే ఉన్నడు, ఒక చెంప నున్నగ, ఒక చెంప సబ్బుతో. సబ్బు చెంప నా దిక్కు తిప్పి, "ఇంక ఆ సగం కూడా గీకు బామ్మర్దీ. ఇప్పుడు ఆపితే ఏం లాభం" అన్నడు. లోపల అక్క నవ్వుడుకు గిన్నెలు కింద పడ్డయ్.

నాకు నవ్వు రాలే. అత్తమ్మ రాయి కొంగున కట్టుకొని లోపలికి పోతున్నది. రేపటితో గడువు అయిపోతది. ఆమె వెనకాలే పోయి మొత్తం చెప్పిన. నాయన రాయి, మాస్టారి రక్తం, ఎదురు సెలూన్, కత్తి ఏట్లో పారేస్తనన్న మాట. ఈ ఒక్కసారి చేతులు ఊపకుండా, ఎలుగుబంటి లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆమె విని, నా మడమలు పగిలితే నీ మాస్టారు వచ్చి చూస్తడా అని అడిగింది. అడిగి, వాకిట్లో గుట్ట దిక్కు చూసింది.

"అవన్నీ ఇటు తే అల్లుడా" అన్నది.

అరుగు మీద కూచున్నది. నేను ఒక్కొక్క రాయి అందించుడు, ఆమె మడమకు రుద్ది పారేసుడు. ఇది గీరుతది అన్నది. ఇది జారుతది అన్నది. ఇది నీళ్లు తాగుతది అన్నది. నేను బిత్తరపోయిన. అవి మా నాయన మాటలు. ఏడు రోజులు నాలుక అరిగేదాకా నాకి నేను పట్టిన తప్పుల్ని ఆమె మడమతో ఒక్క రుద్దుడుకు పట్టేస్తున్నది. యాభై రాళ్లు దాటినంక, మొదటి రోజు ఎందుకూ పనికిరాదని నేను విసిరేసిన చిల్లుల ఎర్రరాయి అందించిన. రుద్దింది. ఆగింది. రెండో కాలుకు కూడా రుద్దింది. మొహం విప్పారింది.

"దీన్ని పారేసినవా? నీకు రాళ్ల సంగతి ఏం తెల్వదు."

కొంగు విప్పి మబ్బు రంగు రాయిని నా చేతిలో పెట్టింది. నేను వాగులో కనిపెట్టిన రాయి అని ఊరంతా చెప్పుకుంటనని ఆమెకు ముందే తెలుసు కావచ్చు, రాయి ఇస్తనే ఒక మాట అన్నది. నువ్వు తెచ్చిన రాయి కాదురా ఇది, నేను చేసిన రాయి, దొరికిననాడు గరుకుండె, అంత నున్నగ కావడానికి ముప్పై ఏండ్లు రుద్దిన అని. రాయిని తువ్వాలులో చుట్టుకున్న.

గడువు రోజు మధ్యాహ్నం మధిరలో దిగిన. సెలూన్ తాళం తీసి, అద్దాలు తుడిచి, రోడ్డుకు అడ్డంగ నిలబడి, సారూ రండి అని కేక వేసిన. మాస్టారు వచ్చిండు. ఆయన వెనక బెంచీ మొత్తం వచ్చింది. ఎదురు సెలూనాయన కూడా పని ఆపి గడపలో నిలబడ్డడు. అందరూ చూస్తుండగా రాయి మీద నీళ్లు చిలకరించి నూరిన.

కత్తి చెంప మీద పెట్టిన. చప్పుడు లేదు. నురగ పోతున్నది, దానితో ఇనుప తీగ పోతున్నది. చెంప అయింది, గడ్డం కింద అయింది, పెదవి మీద అయింది. రెండోసారి ఎదురు గీయబోయి చూస్తే మాస్టారు కదలడం లేదు. ఒక్క క్షణం నా ప్రాణం పోయింది. తర్వాత గురక వినపడ్డది. పద్దెనిమిదేండ్లలో నా కుర్చీలో ఆ మనిషి ఎన్నడూ నిద్రపోలేదు. బెంచీ మీదోళ్లు నోళ్లు తెరిచి చూస్తున్నరు. నేను కత్తి తుడిచి, మడిచి, నాయన ఫోటో దిక్కు ఒకసారి చూసిన. అంతకు మించిన గెలుపు ఏ రాజుకు దక్కిందో చెప్పండి.

లేపితే మాస్టారు చెంపలు తడుముకున్నడు. మళ్ల తడుముకున్నడు. ఈ రాయి ఎక్కడిది వెంకటేశ్వర్లూ అని అడిగిండు.

అంతవరకూ దారి పొడుగునా పెద్ద కథ అల్లి పెట్టుకున్న. కొండ గుహ, ముసలి సన్యాసి, ఇంకా ఏందేందో. మాస్టారి మొహం చూసేసరికి అబద్ధం నోటికి రాలే. నిజం అసలే రాలే. భద్రాచలం దిక్కు నుంచి సారూ అని మాత్రం చెప్పిన.

మాస్టారు లేచి నిలబడ్డడు. చెప్పులు విడిచిండు. రాములవారి అడవిలో రాయా అనుకుంట దాన్ని రెండు చేతులా తీసుకొని, భక్తిగ కళ్లకు అద్దుకున్నడు, ఈ కన్నుకు ఒకసారి, ఆ కన్నుకు ఒకసారి. నేను వద్దు సారూ అనేలోపల రాయి బెంచీ మీదికి పోయింది. చేతులు మారుకుంట ఒక్కొక్కరూ చెప్పులు విడిచి కళ్లకు అద్దుకుంటున్నరు. ఎదురు సెలూనాయన కూడా రోడ్డు దాటి వచ్చి అద్దుకొని పోయిండు. చివరికి రాయి తిరిగి నా చేతికి వచ్చింది. అందరూ నా దిక్కే చూస్తున్నరు. ఏందయ్యా, తెచ్చినోడివి నువ్వు అద్దుకోవా అన్నడు మాస్టారు.

అద్దుకున్న. రోజూ పొద్దున నేను తాళం తీసే టయానికి మాస్టారు వచ్చి నిలబడేటోడు, నేను రాయికి మొక్కందే కత్తి ముట్టనిచ్చేటోడు కాదు. అక్క పెండ్లయిన నాటి నుంచి ఆ అత్తమ్మ కాళ్లకు నేను ఒక్కసారి వంగి దండం పెట్టి ఎరగను, అంత పొగరు నాకు. సెలూన్ నడిచినన్నాళ్లూ, మధిర నడిబొడ్డున, పది మంది సాక్షిగా, రోజూ పెట్టిన.